పెద్ద ఆట ఎక్కడ చూద్దాం? - వరంగల్ నుండి ఫతే మైదాన్ దాకా

మధ్యధరా సముద్ర తీరాన అలెగ్జాండ్రియాకో, ట్యూనిస్‌కో సెలవులు గడపటానికి వెళ్లినవారికి పెద్ద ఫుట్‌బాల్ మ్యాచు ఉన్న రోజున ఎక్కడ కూర్చుని చూడాలన్న చింత ఉండదు. సాయంత్రమయ్యేసరికి కాఫీ దుకాణాలవారు టీవీని వీధివైపు తిప్పి, కుర్చీలు బయట వేస్తారు. ముందెన్నడూ ముఖాలు చూసుకోనివారు ఒకే బల్ల చుట్టూ చేరి, ఒకే గోల్‌కు ఒక్కసారిగా లేచి నిలబడతారు. మన వరంగల్‌లో ఆ ఏర్పాటు లేదు. ఇక్కడ పెద్ద మ్యాచు చాలాసార్లు అర్ధరాత్రి వస్తుంది. ఇంటిల్లిపాదీ ఒకే కప్పు కింద ఉన్నా, ఒకరు ఫోనులో, ఒకరు టీవీలో చూస్తారు, మిగిలినవారు నిద్రపోతారు. తెల్లవారాక ఎవరు గెలిచారన్న ఒక్క మాటతో విషయం ముగిసిపోతుంది.

ఫుట్‌బాల్ ఒంటరిగా చూడదగిన ఆట కాదని మా నమ్మకం. అందుకే, కుటుంబ సమేతంగా, సమయాన్నీ సభ్యతనూ కాపాడుకుంటూ పెద్ద మ్యాచును ఎక్కడ చూడగలమని కొన్నేళ్లుగా వెతుకుతున్నాము. ఆ వెతుకులాట మమ్మల్ని మండీ బజార్ ముంగిలి నుండి కాజీపేట మైదానానికీ, అక్కడి నుండి గచ్చిబౌలికీ, చివరకు ఫతే మైదాన్‌కూ చేర్చింది. ఆ దారిలో చూసినవీ, తెలుసుకున్నవీ పాఠకులతో పంచుకోవాలని ఈ వ్యాసం.

ముంగిట్లో ప్రపంచ కప్

2022 నవంబరు, డిసెంబరు నెలల్లో ఖతర్‌లో ప్రపంచ కప్ జరిగింది. ఒక అరబ్బు దేశం ఆ పోటీలకు ఆతిథ్యమివ్వటం అదే మొదటిసారి. ఖతర్‌కూ మనకూ సమయంలో రెండున్నర గంటల తేడా మాత్రమే ఉన్నందువల్ల చాలా మ్యాచులు మన మధ్యాహ్నాల్లో, సాయంత్రాల్లో పడ్డాయి. మండీ బజార్‌లో మా బంధువుల ఇంటి ముంగిట్లో తెల్లని దుప్పటి ఒకటి గోడకు బిగించి, అద్దెకు తెచ్చిన ప్రొజెక్టరు పెట్టారు. మగపిల్లలు చాపల మీద కూర్చుంటే, స్త్రీలు వసారాలో కూర్చుని చూశారు. చలికి శాలువాలు కప్పుకున్నారు, టీ ఫ్లాస్కులు చేతులు మారాయి.

ఆ ఏడు మొరాకో జట్టు అందరినీ ఆశ్చర్యపరచింది. ప్రీ క్వార్టర్స్‌లో స్పెయిన్‌ను పెనాల్టీలలోనూ, డిసెంబరు 10న క్వార్టర్ ఫైనల్లో పోర్చుగల్‌ను 1-0 తేడాతోనూ ఓడించి, ప్రపంచ కప్ సెమీఫైనల్ చేరిన తొలి ఆఫ్రికా దేశంగా, తొలి అరబ్బు దేశంగా నిలిచింది. పోర్చుగల్ మీద గెలిచాక సోఫియాన్ బూఫాల్ తన తల్లిని మైదానంలోకి తీసుకువచ్చి, ఆమె చేతులు పట్టుకుని చిన్నపిల్లవాడిలా గంతులు వేశాడు. ఫుట్‌బాల్ నియమాలు ఒక్కటీ తెలియని మా ఇంటి పెద్దావిడ ఆ దృశ్యం చూసి కళ్లు తుడుచుకున్నారు. ఆ తరువాత సెమీఫైనల్లో ఫ్రాన్స్ 2-0తో గెలిచింది. ఆ మ్యాచు మనకు రాత్రి 12:30కి మొదలైంది. ఆమె మాత్రం నిద్ర మానుకుని చివరిదాకా కూర్చున్నారు.

ఆ ముంగిలి మాకు రెండు సంగతులు నేర్పింది. పదిమంది కలిసి చూస్తే చిన్న తెర కూడా సరిపోతుందన్నది మొదటిది. ఆట చూసే హక్కుకూ ఒక హద్దు ఉందన్నది రెండవది. అర్ధరాత్రి మ్యాచు పెట్టినప్పుడు ఆ ఇంటి పెద్దాయన ఒకే ఒక షరతు విధించారు: పక్కింటివారికి నిద్రాభంగం కాకూడదు, మ్యాచు చూసిన ప్రతివాడూ ఫజ్ర్ నమాజుకు హాజరు కావాలి. ఈ షరతు 2026 ప్రపంచ కప్‌కు మరింత అవసరం. జూన్ 11 నుండి జూలై 19 వరకు అమెరికా, కెనడా, మెక్సికోలలో 48 జట్లతో, 104 మ్యాచులతో ఏర్పాటైన ఆ పోటీల్లో చాలా ఆటలు మన గడియారం ప్రకారం అర్ధరాత్రి నుండి ఉదయం దాకా నడిచేవే. జూన్‌లో మన ప్రాంతంలో సూర్యోదయం దాదాపు 5:40కి అవుతుంది. తెల్లవారుజామున మూడున్నరకు మొదలైన మ్యాచు ఫజ్ర్ వేళలో కూడా సాగుతుంది. ఏ మ్యాచు చూడాలో, ఏది విడిచిపెట్టాలో పిల్లలతో ముందుగానే కూర్చుని నిర్ణయించుకున్న ఇంట్లో రాత్రి తగవులుండవు.

మన ఊరి మైదానాలు

తెర మీద చూసినది ఆటలో సగమేనని మాకు కాజీపేటలో తెలిసింది. జంక్షన్ ఊరు కావటం వల్ల అక్కడ రైల్వే కాలనీలున్నాయి, రైల్వే మైదానముంది. హనుమకొండలో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ఉంది, సుబేదారిలో ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాల ఆవరణ ఉంది. ఈ మైదానాల్లో క్రికెట్ ఆడేవారే ఎక్కువ. అయినా ఒక మూలన రాళ్లనో, చెప్పులనో గోల్ స్తంభాలుగా పెట్టుకుని బంతిని తన్నే పిల్లలు కనిపిస్తూనే ఉంటారు.

టీవీలో కెమెరా ఎప్పుడూ బంతి వెంటే పరుగెడుతుంది. మైదానం అంచున నిలబడినవాడికి బంతి లేని ఆటగాళ్లు కూడా కనిపిస్తారు. బంతి ఎడమ వైపున ఉండగా కుడి అంచున ఒక కుర్రవాడు మెల్లగా ఖాళీ చోటికి జరుగుతుంటాడు. గోల్‌కీపర్ రక్షకులను కేకవేసి సర్దుతుంటాడు. పాస్ అందుకోబోయేవాడు ముందు ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూసుకుంటాడు. ఇవన్నీ ఒక్కసారి కంటికి అలవాటైతే, పెద్ద మ్యాచు చూసేటప్పుడు గోల్ ఎలా పుట్టిందో అర్థమవుతుంది. అందుచేత పెద్ద స్టేడియానికి వెళ్లటానికి ముందు రెండు మూడు ఆదివారాలు మన ఊరి మైదానం అంచున నిలబడి చూడమని మా మనవి. అందుకు టికెట్ అవసరం లేదు. ఆడే పిల్లలకు కాసేపు చప్పట్లు కొడితే చాలు.

గచ్చిబౌలి ప్రయాణం

వరంగల్ నుండి అసలైన పెద్ద మ్యాచుకు వెళ్లాలంటే గమ్యం హైదరాబాదు. దూరం సుమారు 140 కిలోమీటర్లు. గోల్కొండ, శాతవాహన, కృష్ణా వంటి ఎక్స్‌ప్రెస్‌లు కాజీపేట మీదుగా సికింద్రాబాదు చేరుస్తాయి. బస్సులో అయితే జనగామ, భువనగిరి దాటి ఉప్పల్‌లో దిగవచ్చు. ఉప్పల్ నుండిగానీ, సికింద్రాబాదు నుండిగానీ మెట్రోలో రాయదుర్గం దాకా వెళితే, అక్కడి నుండి గచ్చిబౌలి స్టేడియానికి ఆటో దూరమే. లోక్‌సభ సభాపతిగా పనిచేసిన జి.ఎం.సి. బాలయోగి పేరిట ఉన్న ఈ స్టేడియం 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలకు వేదికైంది.

2024 సంవత్సరం హైదరాబాదు ఫుట్‌బాల్ ప్రేమికులకు పండుగ వంటిది. సెప్టెంబరులో ఇక్కడ ఇంటర్‌కాంటినెంటల్ కప్ జరిగింది. భారత్‌తో పాటు సిరియా, మారిషస్ జట్లు వచ్చాయి. తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన దేశం మారిషస్, ఏళ్ల తరబడి యుద్ధంలో నలిగిన దేశం సిరియా. సెప్టెంబరు 9న సిరియా 3-0తో భారత్‌ను ఓడించి కప్పు తీసుకువెళ్లింది. నవంబరు 18న మలేషియాతో మన జట్టు ఆడిన స్నేహపూర్వక మ్యాచు 1-1తో సమమయింది. ఇక డిసెంబరులో సంతోష్ ట్రోఫీ చివరి దశ పోటీలన్నీ హైదరాబాదులోనే జరిగాయి.

డిసెంబరు 31న జరిగిన ఆ ట్రోఫీ ఫైనల్‌కు మేము గచ్చిబౌలి వెళ్లాము. పశ్చిమ బెంగాల్, కేరళ జట్లు తలపడ్డాయి. మగ్రిబ్ నమాజు ముందే ముగించుకుని గ్యాలరీలో కూర్చున్నాము. మాకు ముందు వరుసలో కేరళ నుండి వచ్చి హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటున్న కుటుంబాలు కూర్చున్నాయి. తల్లులు, కూతుళ్లు, చంకలో బిడ్డలు. ఆడపిల్లలను స్టేడియానికి తీసుకురావటం గురించి మాలో ఉన్న సంకోచం ఆ వరుసను చూడగానే సగం తొలగింది. తొంభై నిమిషాలూ గోల్ లేకుండా గడిచాయి. ఆట ఇక అదనపు సమయానికి వెళ్లటం ఖాయమని అందరూ అనుకుంటుండగా, గాయాల కోసం కలిపిన నిమిషాల్లో బెంగాల్ ఆటగాడు రబీ హాంస్‌దా గోల్ చేశాడు. 1-0తో బెంగాల్ 33వ సారి సంతోష్ ట్రోఫీ గెలుచుకుంది. ముందు వరుసలోని కేరళ సోదరులు కొంతసేపు మౌనంగా కూర్చుండిపోయారు. తరువాత లేచి గెలిచిన జట్టుకు చప్పట్లు కొట్టారు. మా పిల్లలకు మేము మాటల్లో చెప్పలేని పాఠమది.

అయితే ఇదే స్టేడియానికి మరో కథ కూడా ఉంది. హైదరాబాద్ ఎఫ్.సి. అనే జట్టు 2019లో ఏర్పడి, ఇండియన్ సూపర్ లీగ్‌లో గచ్చిబౌలిని సొంత మైదానం చేసుకుంది. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌తో 1-1గా సమమై, పెనాల్టీలలో 3-1తో గెలిచింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలను ఆపాడు. కరోనా కారణంగా ఆ సీజన్ అంతా గోవాలోనే జరగటంతో, జట్టు విజేతగా నిలిచిన ఏడాది సొంత నగరంవారికి ఒక్క మ్యాచు కూడా తమ మైదానంలో చూసే భాగ్యం కలగలేదు. మరుసటి సీజన్లో జట్టు గచ్చిబౌలికి తిరిగి వచ్చి లీగ్‌లో రెండో స్థానం సాధించింది. ఆ తరువాత ఆర్థిక ఇబ్బందుల్లో కూరుకుపోయింది. 2025లో చేతులు మారి, ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. జట్టు ఒక ఊరిలో నిలవటానికి యజమానుల డబ్బు ఎంత అవసరమో, గ్యాలరీ నిండటం కూడా అంతే అవసరం. మన నగరం నుండి వెళ్లిపోయిన జట్టును గురించి బాధపడే ముందు, ఉన్న రోజుల్లో ఎన్ని మ్యాచులకు వెళ్లామని మనల్ని మనం ప్రశ్నించుకోవటం న్యాయం.

పూర్తిగా నిరాశ చెందవలసిన పని లేదు. అజీజ్ నగర్‌లోని డెక్కన్ ఎరీనా మైదానంలో ఆడిన శ్రీనిధి డెక్కన్ జట్టు ఐ-లీగ్‌లో 2022-23, 2023-24 సీజన్లలో వరుసగా రెండో స్థానంలో నిలిచింది. నిజామాబాదు జిల్లా తండా నుండి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టులో ఆడుతున్నది. మన ఆడపిల్లలకు ఆమె పేరు చెప్పండి.

ఫతే మైదాన్‌లో ఒక ఉపాధ్యాయుడి నీడ

నాంపల్లి దగ్గరి లాల్ బహదూర్ స్టేడియాన్ని పాతవారు ఇప్పటికీ ఫతే మైదాన్ అనే పిలుస్తారు. 1687లో గోల్కొండ ముట్టడి ముగిశాక మొఘల్ సైన్యం ఇక్కడ విజయోత్సవం జరుపుకోవటం వల్ల ఆ పేరు వచ్చిందంటారు. 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. దశాబ్దాల పాటు నగరంలో పెద్ద ఫుట్‌బాల్ పోటీలకు ఇదే నిలయం. అసెంబ్లీ మెట్రో స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్లవచ్చు. మ్యాచు లేని రోజైనా పిల్లలను ఒకసారి అక్కడికి తీసుకువెళ్లండి, ఎందుకంటే ఈ నగరంలోని ఫుట్‌బాల్ మైదానాలతో సయ్యద్ అబ్దుల్ రహీం అనే పేరు ముడిపడి ఉంది.

1909లో హైదరాబాదులో పుట్టిన రహీం వృత్తిరీత్యా బడిపంతులు. ఉస్మానియాలో చదివి, కాచిగూడ మాధ్యమిక పాఠశాలలోనూ, ఉర్దూ షరీఫ్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ పాఠశాలల్లోనూ పాఠాలు చెప్పారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్‌నూ తెచ్చింది. సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956-57లోనూ, 1957-58లోనూ వరుసగా రెండుసార్లు గెలిచింది.

రహీం సాబ్ పద్ధతి ఉపాధ్యాయుడి పద్ధతే. కుడి కాలితో మాత్రమే ఆడే అలవాటు పోగొట్టటానికి బలహీనమైన కాలితోనే బంతిని తన్నవలసిన పోటీలు పెట్టేవారు. బంతిని తన దగ్గరే అట్టిపెట్టుకుని విన్యాసాలు చేసేవారి కోసం, డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు నిర్వహించేవారు. బంతిని పక్కవాడికి ఇవ్వటం నేర్చుకున్న తరువాతనే జట్టు పుడుతుందని ఆయన ఉద్దేశ్యం.

ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టుగా చరిత్రకెక్కింది, చివరకు నాలుగో స్థానంలో నిలిచింది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లతీఫ్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికారుద్దీన్, పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరామ్ - ఆ జట్టులో హైదరాబాదు నేల మీద ఆట నేర్చిన పేర్లివి. ముస్లిం, క్రైస్తవ, హిందూ పేర్లు ఒకే వరుసలో ఉండటాన్ని గమనించండి. ఆ వరుసను పేర్చినవాడు ఎవరికి ఏ స్థానం తగునో మాత్రమే చూశాడు.

1962లో జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం సాబ్ శరీరంలో కేన్సర్ ముదిరింది. అయినా జట్టుతో వెళ్లారు. సెప్టెంబరు 4న కిక్కిరిసిన స్టేడియంలో, ఎక్కువమంది ప్రేక్షకులు మన జట్టుకు వ్యతిరేకంగా కేకలు వేస్తుండగా, దక్షిణ కొరియా మీద 2-1తో భారత్ గెలిచింది. పి.కె. బెనర్జీ, తలకు గాయమైనా ఆడిన జర్నైల్ సింగ్ గోల్స్ చేశారు. మరుసటి ఏడాది, 1963 జూన్ 11న రహీం సాబ్ పరమపదించారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఆ తరువాత మళ్లీ స్వర్ణం రాలేదు. 2024లో వచ్చిన మైదాన్ చిత్రం పుణ్యమా అని ఆయన పేరు కొత్త తరానికి కొంత తెలిసింది. అంతకుముందు, యూరప్ ఆటగాళ్ల చొక్కా నంబర్లు కంఠస్థం చేసిన మన పిల్లలకు తమ రాజధానిలో పాఠాలు చెప్పిన ఈ పంతులు ఎవరో తెలియదు. ఆ తప్పు పిల్లలది కాదు. వారికి ఎవరూ చెప్పలేదు.

బార్కాస్ సాయంత్రం

చాంద్రాయణగుట్ట దగ్గరి బార్కాస్ కూడా చూడదగిన చోటు. నిజాం సైన్యంలో పనిచేసిన హజ్రమౌత్ అరబ్బుల సంతతి అక్కడ స్థిరపడింది. సైనికుల బ్యారక్స్ అన్న మాటే నోటిమాటగా బార్కాస్ అయింది. ఫుట్‌బాల్ అంటే అక్కడివారికి ప్రాణం. అసర్ నమాజు తరువాత మైదానం నిండుతుంది. ముసలివారు అరుగుల మీద కూర్చుని, పిల్లల ఆటకు ఉచితంగా శిక్షకులైపోతారు. ఆట చూసి, వీధిలో హరీస్ తిని వెనక్కి రావచ్చు. అలెగ్జాండ్రియా కాఫీ దుకాణాల ముందు ఉండే కలుపుగోలుతనం మాకు తెలుగు నేల మీద అచ్చంగా కనిపించిన చోటు ఇదే.

వెళ్లేవారికి నాలుగు మాటలు

మ్యాచు రాత్రి పూట ఉంటే ముగిసేసరికి పది దాటుతుంది. ఆ వేళ పిల్లలతో వరంగల్ తిరుగు ప్రయాణం కష్టం కనుక, బంధువుల ఇంట బస ముందే మాట్లాడుకోండి. నమాజు వేళలు లెక్క చూసుకుని బయలుదేరండి. మగ్రిబ్ ముగించి లోపలికి వెళ్లటం, ఇషా బస చేరాక చేయటం సులువు. సీసాలు, పెద్ద సంచులు స్టేడియం ద్వారం వద్ద ఆపివేస్తారు, కాబట్టి అవసరమైన వస్తువులే తీసుకువెళ్లండి. చంటిపిల్లలు ఉన్నవారు బయటికి దారి దగ్గరగా ఉన్న సీట్లు ఎంచుకోండి.

మరో మాట కాస్త గట్టిగా చెప్పవలసి ఉంది. పెద్ద మ్యాచుల వెంట ఫోన్లలో పందాల జాడ్యం కూడా వస్తున్నది. ధార్మికంగా జూదం నిషిద్ధమన్నది మనకు తెలిసినదే. తెలంగాణలో 2017లో చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందాలనూ నిషేధించారు. ఒక్క గోల్ మీద వంద రూపాయలు పెట్టిన క్షణం నుండి ఆ కుర్రవాడు ఆటను చూడటం మానేసి అంకెను చూడటం మొదలుపెడతాడు. పిల్లవాడు గదిలో తలుపు వేసుకుని చూస్తున్నప్పుడు ఈ జాడ్యం పెద్దల కంటపడదు. పదిమందితో ముంగిట్లోనో, గ్యాలరీలోనో కూర్చున్నప్పుడు దానికి చోటు దొరకదు. ఆటను కలిసి చూడమని మేము పదేపదే చెప్పటానికి ఇదీ ఒక కారణం.

పెళ్లికో, ఆసుపత్రి పనికో, చదువుల కోసమో మనలో దాదాపు ప్రతి కుటుంబమూ ఏడాదికి రెండుసార్లైనా హైదరాబాదు వెళ్తుంది. వచ్చేసారి వెళ్లినప్పుడు ఒక సాయంత్రం మిగుల్చుకుని, ఆ రోజు నగరంలో ఏ మైదానంలో ఏ మ్యాచు ఉందో ముందుగా కనుక్కోండి. పేరున్న జట్లు కాకపోయినా ఫరవాలేదు. పిల్లలను మీ మధ్య కూర్చోబెట్టుకుని, ఈ నగరంలో ఒకప్పుడు ఒక బడిపంతులు ఉండేవారని చెప్పండి. ఇన్షాఅల్లాహ్, ఆ తరువాత వారే మిమ్మల్ని మైదానానికి పిలుచుకువెళ్తారు.